అంబలి సాక్ష్యం

మార్చి 3, సోమవారం

ఈ రోజు మోకాళ్ల మీద కూర్చుని మళ్లీ లేవలేకపోయాను. ఎవరికీ చెప్పుకునే సంగతి కాదు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

మా చర్చి స్త్రీల సమాజం కూడిక రెబెకక్క ఇంట్లో జరిగింది. ఆమె మాకు ప్రెసిడెంటు, నేను సెక్రటరీ. ఆఖరి ప్రార్థన మోకాళ్ల మీద చేద్దామంది. అందరం వంగాం, ఆమేన్ అన్నాం, అందరూ లేచారు. నేను తప్ప. తొడల్లో సత్తువ ఉంటే కదా! ఆసరాకు ప్లాస్టిక్ కుర్చీ పట్టుకుంటే అది నా బరువుకు జారుకుంటూ వెళ్లి గోడకు తగిలింది. ఇక చేసేది లేక మళ్లీ కళ్లు మూసుకున్నాను. నేనింకా ప్రార్థనలోనే ఉన్నాననుకుని వాళ్లు ఓ పాట ఎత్తుకున్నారు. పాట అయిపోయింది. నేను లేవలేదు. ఇంకో పాట అందుకున్నారు.

రెబెకక్క కళ్లు తుడుచుకుంది. "సూడుండ్రి, సంఘం కోసం సుశీలకు ఎంత భారమున్నదో" అంది.

భారం నిజమే. చివరికి ఇద్దరు చెరో రెక్క పట్టి లేపారు. వాళ్లు ఏమనుకున్నారో నాకు తెలుసు. అనుకోనిచ్చాను.

మార్చి 4, మంగళవారం

హన్మకొండ వెళ్లాను. మా తమ్ముడి కూతురు ఏంజెల్ అక్కడ ఒక ప్రైవేటు దవాఖానలో ఎవరేం తినాలో చెప్పే ఉద్యోగం చేస్తుంది. నన్ను తూకం ఎక్కించి, చేతులు పెట్టకుండా కుర్చీలోంచి లేవమంది. లేచాను. రెండోసారి లేవమంది. అంత తొందరేముందన్నాను.

"అత్తా, నెలసరి ఆగినంక కండ కరుగుడు షురువైతది. ఆ జాగల కొవ్వొచ్చి కూసుంటది. ఉత్తగ కడుపు మాడ్చుకున్నవనుకో, బరువు తగ్గుతది గని ఉన్న కండ గూడ పోతది. అన్నం తగ్గియ్యి, పూటపూటకు ప్రోటీన్ తిను. గుడ్డు, చాప, కోడి. రోజూ నడువు. కుర్చీల లేసుడు, కూసునుడు చెయ్యి."

"ఎప్పటికెల్లి?"

"రేపటికెల్లే."

రేపు బూడిద బుధవారం. రేపటి నుంచి ఈస్టర్ దాకా మా సంఘంలో ఎవరూ నీసు ముట్టరు. ఆ పిల్లకూ తెలుసు, నా ముఖం చూసి గుర్తుకొచ్చింది.

"అయితే పప్పులు, శనగలు, సోయా, పెరుగు తిను. దానికేంది, ఫికర్ చెయ్యకు" అంది.

నేను అంగన్‌వాడీ టీచర్ని. గర్భిణులకు రోజూ గుడ్డు తినమని గొంతు చించుకునే నోరు ఇది. ఆ నోటితోనే ఇంటికొచ్చి రెండు ప్లేట్ల అన్నం తింటాను. ఇక నుంచి అలా కాదు.

మార్చి 5, బుధవారం

గుడిలో మా పాస్టరు, అయ్యగారు శాంసన్ గారు, ఓ ప్రకటన చేశారు. ఈసారి గుడ్ ఫ్రైడే నాడు సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద మాట్లాడేవాళ్లను కొత్తగా ఎంచుతారట. ఈ నలభై దినాల్లో ఎవరి ఉపవాసం ఎలా ఉందో చూసి ఎంచుతారట.

ఐదో మాట, 'దప్పిగొనుచున్నాను' అన్న ఆ దాహం మాట, ఏటా రెబెకక్కదే. ఆమె సర్కారు బడిలో పనిచేసి రిటైరైన పంతులమ్మ, గొంతు బాగుంటుంది. నేను ఏటా ముందు బెంచీలో కూర్చుని, ఆ మాట నేనైతే ఎలా చెప్తానో మనసులో చెప్పుకుంటూ ఉంటాను. నాకు ఆ మాట కావాలి. ఇది అసూయ కాదు. పరిచర్య మీద ఆసక్తి.

రెబెకక్క లేచి "సుశీల మొన్ననే కన్నీళ్లతోటి నిర్ణయం చేసుకున్నది. నలభై దినాలు అంబలి తాగి ఉంటది. నీసు అసలుకే ముట్టది" అని అందరి ముందు చెప్పింది. అవి కన్నీళ్లు కావు, కండరాలు పట్టేసిన బాధ. అంబలి మాట నా నోట్లోంచి రానేలేదు. అందరూ నా వైపు తిరిగారు. అయ్యగారు కూడా తిరిగారు.

ఆమేన్ అన్నాను.

మార్చి 7, శుక్రవారం

శనగలు. పొద్దున ఓ గిన్నెడు, మధ్యాహ్నం ఓ గిన్నెడు. సాయంత్రం కూడికలో అయ్యగారు "కాసేపు మౌనంగా ధ్యానిద్దాం" అన్నారు.

మౌనం నా వల్ల చెడింది. నా పక్కనున్న యమున కిటికీ తెరిచింది. శనగలు బంద్.

మార్చి 8, శనివారం

మీల్ మేకర్ కూర చేశాను. మా ఆయన దావీదు రెండు ముక్కలు నమిలి, ముఖం వెలిగిపోయి "యాటకూరనా?" అన్నాడు. సోయా అన్నాను. రిటైరైన లైన్‌మన్‌ను ఇంత మోసం చేస్తావా అన్నట్టు చూసి, మిగిలిన ముక్కలన్నీ కంచం అంచుకు నెట్టేశాడు. మళ్లీ వండవద్దని ప్రమాణం చేయించుకున్నాడు. పెరుగు నాకు పడదు, జలుబు చేస్తుంది. చేస్తుందనే అనుకుంటున్నాను.

మార్చి 10, సోమవారం

గుడ్డు నీసు కాదు.

బాగా ఆలోచించాను. గుడ్డుకు కాళ్లు లేవు, రక్తం లేదు, కూత లేదు. పైగా ఏంజెల్ ఇచ్చిన చీటీలో రాసి ఉంది కాబట్టి అది మందు. మందులకు ఉపవాసం వర్తించదు. బీపీ గోళీలు మానుతున్నామా?

రెండు తిన్నాను. పక్కన అంబలి కూడా తాగాను. కాబట్టి అంబలి మాట అబద్ధం కాదు.

మార్చి 14, శుక్రవారం

రోజుకు మూడు. ఆయన చిట్యాల వైపు పెళ్లికని పోతూ స్కూటర్ డిక్కీ తెరిస్తే పెంకుల సంచీ బయటపడింది. చెత్తబండికి వేద్దామంటే చెత్త తీసేది మా సంఘం పిల్ల కదా, అందుకని నేనే అందులో దాచాను.

"సుశీ, ఇవేంది?"

"గులాబీలకు ఎరువు."

"మనింట్ల గులాబీలు యాడున్నయి?"

చెప్పేశాను. చెప్పక ఏం చేస్తాను. ఆయన నవ్వి నవ్వి గోడకు చేరబడి, "నాకు గూడ రెండు ఉడుకబెట్టు, ఎవ్వలకు చెప్ప" అన్నాడు. నోరు మూయించడానికి నాలుగు పెట్టాల్సి వచ్చింది.

మార్చి 17, సోమవారం

కట్టమ్మ కొట్టుకు వెళ్లాను. ఆమె గొంతు కాశిబుగ్గ సెంటర్ దాకా వినపడుతుంది. అక్కడ అయ్యగారి భార్య చింతపండు కొంటోంది. నేను ఉప్పు అడిగి పోదామనుకున్నాను.

"సుశీలమ్మా, ఇయ్యాల డజను సాల్తయా?" అని కేక పెట్టింది కట్టమ్మ.

"అంగన్‌వాడీకి" అన్నాను.

"గవి సర్కారోళ్లే పంపుతరు గద!"

"మొక్కలకు. పెంకులు మంచి ఎరువు."

అయ్యగారి భార్య వింతగా చూసింది. "మరి లోపలిది ఏంజేస్తవు సుశీలమ్మా?"

"పారబోస్తాను."

"అయ్యో, పాపం గాదా!" అంది కట్టమ్మ. దొంగకు తేలు కుట్టినట్టయింది. డజను తీసుకుని వచ్చాను.

మార్చి 20, గురువారం

చేప. చేపను నీటి కూరగాయ అని బెంగాల్ వైపు అంటారని ఎవరో చెప్పారు.

మార్చి 22, శనివారం

ఈ రోజు కూడికలో మోకాళ్ల మీద వంగి, ఆమేన్ అనగానే లేచాను. కుర్చీ లేదు, గోడ లేదు, ఎవరి రెక్కా లేదు. అందరికంటే ముందు లేచాను! నా కాళ్లే నాకు కొత్తగా అనిపించాయి. రోజూ వంటింట్లో కుర్చీ లేవడం కూర్చోవడం, పొద్దున్నే కాలనీ చుట్టూ నడక, అన్నం పిడికెడు, మిగతాదంతా ఏంజెల్ చెప్పిన సరుకే. అంగన్‌వాడీ తూకం మీద మూడు కిలోలు తగ్గాను. జాకెట్టు చేతులు వదులయ్యాయి. నిజంగా సంతోషంగా ఉంది.

"చెల్లె, ముఖం గిట్ల వెలుగుతాంది, ఏం తింటానవే?" అంది రెబెకక్క.

అందరూ చెవులు రిక్కించారు.

"అంబలి తాగుతున్నక్కా."

నిజమే కదా. తాగుతున్నాను. తాగుతున్నది మాత్రమే చెప్పాను, తింటున్నది చెప్పలేదు.

మార్చి 23, ఆదివారం

ఐదో మాట నాకిచ్చారు!

సిద్ధపడటానికి టైం కావాలని అయ్యగారు ఇప్పుడే పేర్లు చదివారు. "ఐదో మాట, సుశీలమ్మ గారు. ఉపవాసం మనిషిని ఎలా బాగుచేస్తుందో ఆమెను చూస్తే తెలుస్తుంది" అన్నారు. రెబెకక్క పేరు ఏ మాటకూ లేదు. ఆమె నవ్వింది. వచ్చి నా చేయి పట్టుకుని "న్యాయంగనే ఇచ్చిండ్రు చెల్లె" అంది. ఆ చేయి చల్లగా ఉంది. పాపం అనిపించింది. కాసేపే అనిపించింది.

ఇంటికొచ్చి ఆరు పేజీలు రాశాను.

మార్చి 27, గురువారం

ఆయన మిత్రుడు మొగిలి వర్ధన్నపేట నుంచి నాటుకోడి తెచ్చాడు. "వండుతవా, అయ్యగారికి ఫోన్ చెయ్యాల్నా?" అన్నాడు ఆయన. కట్టుకున్నవాడే ఇలా బెదిరిస్తే ఆడది ఎక్కడికి పోతుంది!

కోడి గుడ్డులోంచే వస్తుంది. గుడ్డు నీసు కానప్పుడు కోడి ఎలా అవుతుంది? తిన్నాను. తలుపులు వేసి, ఫ్యాను ఆపి, చెమటలు కక్కుతూ తిన్నాం. చాలా బాగుంది.

మార్చి 30, ఆదివారం

రెబెకక్క కూడా అంబలి మొదలుపెట్టిందట. వారమైందట. పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు, అంతే. "నువ్వు చేస్తానవు, నేను చెయ్యలేనా?" అంది.

"అక్కా, నీ వయసుకు జర పెరుగన్నం..." అన్నాను.

"నా వయసేంది? నీకంటే ఆరేండ్లు పెద్ద, గంతే."

నేనేం చేయను. చెప్పాను కదా.

ఏప్రిల్ 5, శనివారం

రెబెకక్క అంగన్‌వాడీకి వచ్చి తూకం ఎక్కింది. ఆమె ఐదు కిలోలు తగ్గింది. రెండు వారాల్లో! నేను నెల రోజులు కుర్చీలో లేచి కూర్చుని తగ్గింది నాలుగు. "నీకంటే ఎక్కువే తగ్గిన" అని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. నాకు ఒళ్లు మండింది. గుడ్లు తిని కూడా ఓడిపోయానా?

తూకం దిగేటప్పుడు ఆమె గోడ పట్టుకుంది. అది ఇప్పుడు రాస్తుంటే గుర్తొస్తోంది.

ఏప్రిల్ 8, మంగళవారం

కూడిక ఆమె ఇంట్లోనే జరిగింది. సర్వపిండి ప్లేటు తెస్తూ జారవిడిచింది. పాటల పుస్తకం పట్టుకుంటే వేళ్లు వణికాయి. ఎండలకు అంది. ఎండలే అయ్యుంటుంది. వరంగల్ ఎండ అందరికీ ఒకటే, అందరి చేతులూ వణకడం లేదు.

ఏప్రిల్ 10, గురువారం

ఆమెకు తెలియకుండా అంబలిలో పాలపొడి కలిపి పట్టుకెళ్లాను. ఇంకా పుట్నాల పొడి, వేయించిన పల్లీల పొడి. చెంచా నిలబడేంత చిక్కగా అయింది. రెబెకక్క ఒక గుక్క తాగి, "చెల్లె, అంబలి ఇట్ల రుచిగ ఉంటే గది ఉపవాసమా?" అని నవ్వి పక్కింటి పిల్లలకు పోసేసింది. నా కళ్ల ముందే చెంబంతా వాళ్లు నాకేశారు.

ఏప్రిల్ 13, మట్టల ఆదివారం

మట్టలు పట్టుకుని పాటలు పాడుకుంటూ వీధిలో ఊరేగింపుగా వెళ్తున్నాం. రెబెకక్క ముందు వరసలో ఉంది. నడుస్తూ నడుస్తూ మట్ట కింద పెట్టి, దాని పక్కనే తనూ కూర్చుంది. మొదట అందరం ప్రార్థన చేస్తోందనుకున్నాం. పాట ఆపలేదు. నేను లేవలేకపోయిన నాడు కూడా అలాగే అనుకున్నారు, అసలు సంగతి నాకు మాత్రమే తెలుసు.

నేనే వెళ్లి లేపాను. తేలిగ్గా లేచింది, అంత తేలికైపోయింది. కానీ ఆమె కాళ్లు తమంతట తాము ఏమీ చేయలేదు, బరువంతా నా భుజం మీదే వేసింది. నాకు ఏడుపొచ్చింది.

ఏప్రిల్ 14, సోమవారం

ఏంజెల్ దగ్గరికి తీసుకెళ్లాను. కుర్చీలోంచి లేవమంటే అక్క ఒక్కసారి కూడా లేవలేదు. నవ్వుతూ ప్రయత్నించింది, తర్వాత నవ్వడం మానేసింది.

"పెద్దమ్మా, నువ్వు తగ్గిచ్చుకున్నది కొవ్వొక్కటే గాదు, కండ గూడ" అంది ఏంజెల్. "ఈ వయసుల పోయిన కండ మల్ల రావాల్నంటే శాన కష్టం. ఇయ్యాల్టికెల్లే గుడ్డు, పప్పు, పాలు షురు చెయ్యి. డాక్టర్‌కు గూడ సూపెట్టుకో."

"ఈస్టర్ అయినంక తింట."

"గప్పటిదాంక ఆగొద్దు."

"సుశీల అంబలి మీద నిలవడలేదా? ఆమె కాళ్లు సూడు, గుర్రం కాళ్లోలె ఉన్నయి. నా విశ్వాసమే తక్కువైంది."

ఏంజెల్ నా వైపు చూసింది. ఆ పిల్లకు నేనేం తింటున్నానో తెలుసు, ప్రతి శనివారం ఫోన్లో చెప్తున్నాను కదా. ఏమీ అనలేదు. అన్నా బాగుండేది.

ఏప్రిల్ 15, మంగళవారం

చెప్తే ఐదో మాట పోతుంది.

ఏప్రిల్ 15, మళ్లీ

చెప్పకపోతే ఆమె శుక్రవారం దాకా అంబలి తాగుతుంది. ఆ తర్వాత శనివారం, ఆదివారం కూడా. నేను చెంబు దించేదాకా ఆమె దించదు. నా ఆరు పేజీలు తీసి చదువుకున్నాను. చాలా బాగా రాశాను. అదే బాధ.

ఏప్రిల్ 16, బుధవారం

చెప్పాను. ఉడికించిన గుడ్లు నాలుగు టిఫిన్ డబ్బాలో పెట్టుకుని వెళ్లి ఆమె ముందు మూత తీశాను.

"ఇవేంది చెల్లె?"

"అక్కా, నేను ఒట్టి అంబలి మీద లేను. గుడ్లు తింటున్న. మొదటి వారం నుంచే."

రెబెకక్క డబ్బా చూసింది, నన్ను చూసింది.

"గుడ్లేనా?"

"చాప గూడ."

"ఇంకా?"

"కోడి."

డబ్బాలో గుడ్లను వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టింది.

"నాటుదా, బాయిలరా?"

"నాటుది."

"నాటుకోడి తినుకుంట మాకు అంబలి జెప్పినవా!" అని లేవబోయింది. కొట్టడానికే లేవబోయిందనుకుంటాను. లేవలేక కూర్చుండిపోయింది. అప్పుడు ఇద్దరికీ ఏడుపొచ్చింది. నేను దగ్గరకు వెళ్లి, కొట్టడానికి వీలుగా కింద కూర్చున్నాను. వీపు మీద ఒకటి వేసింది. చేతిలో బలం లేదు, ఈగ వాలినట్టుంది. ఆ దెబ్బ తగలకపోవడమే నాకు ఎక్కువ నొప్పయింది.

"తిను అక్కా. తిన్నంక మల్ల కొట్టు."

ఒక గుడ్డు తీసుకుంది. ఉప్పు అడిగింది. రెండోది తింటూ, "నేను గూడ దేవుని కోసం ఉండలేదే. నా మాట నీకిచ్చిండ్రని ఉన్న. నీకంటే ఎక్కువ తగ్గి సూపియ్యాల్నని" అంది. మూడోదానికి కారం కూడా అడిగింది.

ఏప్రిల్ 17, గురువారం

అయ్యగారి దగ్గరికి వెళ్లాను. అంతా చెప్పాను. ఈసారి ఆయన అడగకముందే కోడి సంగతి కూడా చెప్పాను.

ఆయన చాలాసేపు గడ్డం రుద్దుకున్నారు. "మీ ఒంటికి అవసరమైంది తింటే తప్పేం లేదమ్మా. దాచి, అంబలి పేరు చెప్పడం తప్పు" అన్నారు.

"ఐదో మాట అక్కకే ఇవ్వండి" అన్నాను. ఆయన కాదు కూడదు అంటారని ఎదురు చూశాను. "సరే" అన్నారు. అంత తొందరగా అనాలా?

లోపలి నుంచి అయ్యగారి భార్య వచ్చింది. "అయితే లోపలిది పారబోయలేదన్నమాట" అంది. తర్వాత గేటు దాకా వచ్చి, మోకాళ్లు నొక్కుకుంటూ ఏంజెల్ నంబర్ అడిగింది.

ఏప్రిల్ 18, శుక్రవారం

రెబెకక్క వేదిక పైకి ఎక్కలేదు. రెండు రోజుల గుడ్లకు కాళ్లు రావని ఏంజెల్ ముందే చెప్పింది, నెలలు పడుతుందట. కింద కుర్చీ వేసి మైకు ఇచ్చారు. నేను ముందు బెంచీలో నా చోటులో కూర్చున్నాను.

ఆమె కాగితం కూడా తెచ్చుకోలేదు. దాహమైనవాడు దాహమైందని అడిగాడు, సిలువ మీద కూడా దాచుకోలేదు, మనం మాత్రం ఆకలి దాచుకున్నాం, ఒకరికొకరం గొప్పలు చూపించుకోవడానికి దాచుకున్నాం అంది. తను పోటీ కోసం ఉపవాసం ఉన్న సంగతి తనే చెప్పింది. నా పేరు చెప్పలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను మాత్రం కొంగు సర్దుకుంటూనే ఉన్నాను. గుడంతా ఏడ్చింది. మా ఆయన ముక్కు చీదిన చప్పుడు మగవాళ్ల వైపు నుంచి నాకు వినపడింది. నేనూ ఏడ్చాను. సగం ఆమె మాటకు, సగం నా ఆరు పేజీలకు. ఆమె చెప్పింది నేను రాసిన దానికన్నా బాగుంది. ఎంత వెతికినా అందులో వంక దొరకలేదు.

ఆరాధన అయిపోయాక అయ్యగారు గుమ్మం దగ్గర నా చేయి పట్టుకుని, "వచ్చే ఏడాది ఐదో మాట మీకే సుశీలమ్మా" అన్నారు.

"వద్దయ్యగారూ, నాకు ఆ ఆశ లేదు. అక్కనే చెప్పనివ్వండి" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు ఎంత తగ్గింపు మనసో అన్నట్టు చూశారు. యమున నా భుజం తట్టింది. తలవంచుకుని ఇంటికొచ్చాను.

అది అబద్ధం. నాకు కావాలి.